గాలి గొట్టంలో వోణీ

నాకు పెళ్లంటే పడేది కాదు. సిగ్గు వల్లా కాదు, భయం వల్లా కాదు, మా ట్రాక్టరు వల్ల. రామనగుడ దాటాక మా పల్లె. డెబ్బైల్లో నాన్న గుణుపురంలో ఎవరో వాడి వాడి వదిలేసిన మూడు సిలిండర్ల బండిని కొనుక్కొచ్చారు. పొలం దాటనని ఒట్టేస్తే నన్ను తోలనిచ్చేవారు. అలాంటి నాకు తెరుబలి ఫ్యాక్టరీలో మెకానిక్ సంబంధం తెచ్చారు. క్వార్టర్సులో ట్రాక్టరెక్కడిది?

నాన్నకు మాటల మీద నమ్మకం లేదు, పని చూడాలి. కంప్రెషన్ గేజు తెచ్చుకుని రమ్మని అబ్బాయికి కబురు పెట్టారు. ఇంజిన్‌లో ఎంత బలం మిగిలుందో చూసే మీటరది. బండి అప్పటికే పొగ కక్కుతోంది. అయినా ఇంజిన్ పోయిందని ఎవడైనా అంటే నాన్న వాణ్ని మళ్లీ గడప తొక్కనివ్వరు. ఇంకేం, నాకు దారి దొరికింది. ఆ రోజు పొద్దున్నే దండెం మీదున్న నా పాత పసుపు వోణీ సగం చింపి, ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టంలో కుక్కేశాను. గాలి అందకపోతే కంప్రెషన్ పడిపోతుంది. ఇతను ఇంజిన్ పోయిందంటాడు, నాన్న పొమ్మంటారు.

అబ్బాయి వాళ్లమ్మతో వచ్చాడు.

"ముందు బండిని సూడు బాబూ. పిల్లెక్కడికి పోద్ది," అన్నారు నాన్న.

నేను కిటికీ వెనక నక్కాను. అతను ఇస్త్రీ చొక్కా విప్పి వాళ్లమ్మకిచ్చి, మోకాళ్ల కింద వేసుకోడానికి గోనెసంచి అడిగాడు. ఇంజెక్టర్లు విప్పే ముందు వాటి చుట్టూ ఉన్న మట్టిని చిన్న బ్రష్షుతో తుడిచాడు, ఒక్క రేణువు కూడా లోపల పడకుండా. మా బండిని అంత మర్యాదగా ముట్టుకున్నవాణ్ని నేనెప్పుడూ చూడలేదు. నచ్చేశాడు. ఎంత నచ్చాడంటే, నా మీద నాకే ఒళ్లు మండింది. నా కొంప నేనే ముంచుకున్నాను కదా.

కాఫీ వంకతో వెళ్లి గుడ్డ లాగేద్దామంటే అమ్మ రెక్క పట్టుకుంది. "పిలిసినాకే ఎల్లాలమ్మీ."

నాన్న సెల్ఫ్ కొట్టారు. మొదటి సిలిండర్లో గేజు ముల్లు సగం దాకా కూడా రాలేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాన్న మొహం కందిపోయింది.

"నిన్న సందేళ దాకా దున్నింది. నువ్వు ముట్టుకోగానే సచ్చిపోనాదా? సెప్పు."

అతను తొందరపడలేదు. "మూడూ ఒక్కలాగే అరిగిపోవండి. దీనికి గాలందట్నేదు," అని గొట్టం విప్పి లోపల చెయ్యి పెట్టాడు. పసుపు గుడ్డ బయటికొచ్చింది. మిగతా సగం అతని ఎదురుగానే దండెం మీద ఆరుతోంది. దాన్ని చూశాడు, చేతిలో గుడ్డను చూశాడు, కిటికీ వైపు చూశాడు. నేను చటుక్కున కిందికి వంగాను.

"ఎలక గూడెట్టిందండి," అని గుడ్డను ప్యాంటు జేబులో పెట్టేసుకున్నాడు.

మళ్లీ చూస్తే రెండు సిలిండర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, మూడోది కాస్త బలహీనం. దాన్లో చెంచాడు నూనె పోసి ఇంకోసారి చూశాడు. ముల్లు ఇందాకటి కంటే పైకెక్కలేదు. "రింగులు బాగున్నాయండి. నూనెకి పెరగనేదంటే వాల్వు అరిగినట్టు. ఇంజిన్‌కేటీ పర్వానేదు." నాన్న నవ్వారు. నాన్న నవ్వడం మా ఇంట్లో విశేషమే.

అప్పుడు నన్ను పిలిచారు. కాఫీ అందుకుంటూ అతను, నాకు మాత్రమే వినపడేలా, "ఎలకకి ఇష్టమేనా?" అన్నాడు.

"క్వార్టర్సుల్లో ట్రాక్టరుంటాదా?"

"నేదు. సెలవు దొరికినప్పుడల్లా ఇక్కడికొద్దాం. నేను బాగుసేస్తాను, నువ్వు తోలు."

అటుపక్క పెద్దవాళ్ల మాటలింకా ముహూర్తం దాకా కూడా రాలేదు. అబ్బాయి నచ్చాడా అని నన్ను ఎవరూ అడగలేదు. అయినా నాన్న వైపు తిరిగి, నాకిష్టమేనని గట్టిగా చెప్పేశాను.