రెండు కాయలు లోపలికి, నాలుగు కాయలు బయటికి

కింది పోర్షన్‌లో ఎండుమిరపకాయలు వేయిస్తే మా మేడ మేడంతా దగ్గుతుంది. మా ఆయన విసుక్కుంటూ కిటికీలు మూస్తాడు, పిల్లలు కళ్ళు నులుముకుంటూ బాల్కనీలోకి పరుగెడతారు. నేను మాత్రం పెదవులు మూసుకుని, కూరలో గరిటె తిప్పుతూనే ఉంటాను. ఇందులో నా గొప్పేమీ లేదు, ఇది మస్తానమ్మత్త పెట్టిన భిక్ష.

మా నాన్న నలభై మూడేళ్ళకే పత్తిచేలో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. ఆ మరుసటి ఏడు, ఇంటర్ అయ్యాక, గుంటూరు శివార్లలో మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో పనికి చేరాను. నాన్న గుండే నాకూ వచ్చిందని లోలోపల ఒకటే భయం. మొదటిరోజే, కొత్తగా వచ్చినవాళ్ళంతా చేసే తప్పు నేనూ చేశాను. ఘాటు తగలకూడదని ముక్కుకి కొంగు బిగించి కట్టుకుని, నోటితో గాలి మింగాను. గొంతు మండి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి, గుండె దడదడలాడి, వేళ్ళు తిమ్మిరెక్కాయి. నాన్న దారే అనుకుని కాయల రాశి మీద పడి ఏడ్చాను. ఆసుపత్రిలో ఈసీజీ తీసి, గుండె గుండ్రాయిలా ఉందన్నారు. నేను నమ్మితేగా! అమ్మ పని మానెయ్యమంది. మానేస్తే ఇంట్లో కూర్చుని భయపడటం తప్ప నాకింకో పని ఉండదని తెలిసి, మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

మస్తానమ్మ ఆ షెడ్డులో అందరికంటే పాత మనిషి. మేమంతా అత్తా అనేవాళ్ళం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా కొంగుముడి తనే వదులు చేసింది.

"నోరు అన్నం తినడానికమ్మా. గాలికి ముక్కుంది. రెండు కాయలకి తొడిమలు తీసేంతసేపు పీల్చు, నాలుగు కాయలకి తీసేంతసేపు వదులు. పొట్ట కదలాలి, భుజాలు కదలకూడదు."

నేను మహా తెలివిగా తొడిమలు గబగబా గిల్లేసి, ఊపిరి తొందరగా ముగించేదాన్ని. ఆవిడ పని ఆపకుండానే కనిపెట్టింది.

"కాయల్ని తరమకు. అవెక్కడికీ పోవు."

మూడోరోజు మధ్యాహ్నం అన్నం గిన్నె తెరిచినప్పుడు గుర్తొచ్చింది, పొద్దుటినుంచి భయపడటమే మర్చిపోయానని. ఆ వేళ తిన్న పచ్చడన్నం రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. షెడ్డులో మిగతా ఆడవాళ్ళు మా ఇద్దరినీ ఊపిరి బడి అని ఆటపట్టించేవారు. అలాగని డాక్టరిచ్చిన మాత్రలు ఎవరైనా మానేస్తే ఆవిడ ఊరుకునేది కాదు. మందు మందే, ఊపిరి ఊపిరే అని కసిరేది.

రెండేళ్ళ క్రితం ఆవిడకే ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చారని తెలిసి పరుగెత్తాను. మందుపొగ వచ్చే మాస్కు పెడితే బెదిరిపోయి లాగేస్తోంది. కళ్ళు పెద్దవైపోయాయి, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకు నేర్పిన మనిషి తన విద్య తనే మర్చిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఏం చేయాలో తోచక నా వేళ్ళు ఆవిడ చేతిలో పెట్టి, "అత్తా, రెండు కాయలు," అన్నాను. కాసేపటికి ఆవిడ బొటనవేలి గోరు నా వేలికొసని తొడిమ గిల్లినట్టు గిల్లింది. రెండు గిల్లి పీల్చింది, నాలుగు గిల్లి వదిలింది. మాస్కు మొహం మీద నిలిచింది. మందు లోపలికి వెళ్ళింది. భుజాలు దిగాయి. నా ప్రాణం లేచొచ్చింది.

ఐదోరోజు ఇంటికి పంపించారు. ఆటో ఎక్కుతూ నా చెయ్యి పట్టుకుంది.

"మొన్న మాత్రం కాయల్ని తరమలేదే నువ్వు."

ఇప్పుడు పొదిలిలో కూతురి దగ్గర ఉంటోంది. ఫోన్ చేస్తే అక్కడి నీళ్ళ మీద, అల్లుడి మీద నాకు పితూరీలు చెబుతుంది. అలా ఆపకుండా చెబుతుంటే వినడానికి ఎంత హాయిగా ఉంటుందో.

పోయిన నెల నాకు నలభై నాలుగు నిండాయి. నాన్న చూడని వయసు. ఆ పొద్దున అందరికంటే ముందే మెలకువ వచ్చి, మంచం మీద కూర్చుని గుండె చప్పుడు వింటూ ఉండిపోయాను. ఒళ్ళో నా వేళ్ళు వాటంతటవే కదిలాయి. రెండు కాయలు. నాలుగు కాయలు. తర్వాత లేచి టీ పెట్టుకున్నాను.