ఓస్మోనాలి ముంచిన ఊరు

ఓస్మోనాలి చేతిలో కనీసం రెండుసార్లయినా చావని మనిషి కష్కతోర్ ఊళ్లో లేడు. మసీదు ఇమాము నాలుగుసార్లు చచ్చాడు. పశువుల డాక్టరు ఆరుసార్లు. ఊరి పాలనా కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న అనార్‌కుల్ అయిదుసార్లు చచ్చింది. అయిదుసార్లూ ఆఫీసు తలుపుకు తాళం వేస్తూనే.

చంపడమంటే కత్తులూ తుపాకులూ కాదు. ఓస్మోనాలి ఆ ఊరి వాగుకు కాపలాదారు. పైన కొండల్లో మంచు కరిగి నీళ్లు నిలిచి, ఆ గట్టు గనక తెగితే బురదా బండలూ కలిసి ఊరి మీద పడతాయి. ఊరి నెత్తిన ఉన్న గుట్ట మీద కూర్చుని వాగును కనిపెట్టుకుని ఉండటం, వరద కనిపిస్తే చేత్తో తిప్పే సైరన్ మోగించడం ఆయన ఉద్యోగం. ఆ వరద ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఈలోగా ఊరికే కూర్చోలేక ఆయన డ్రిల్లులు పెట్టేవాడు. సైరన్ మోగగానే ఎవరి పని వాళ్లు వదిలేసి ఊరి వెనక ఎర్రదిబ్బ ఎక్కాలి. వరద కనబడ్డాక ఊరికి చేరడానికి తొమ్మిది నిమిషాలు పడుతుందని ఆయన లెక్క. ఆ తర్వాత దిబ్బ ఎక్కినవాళ్లు చచ్చినట్టే. ఆయన గుట్ట మీద నుంచి దిబ్బ దాకా రొప్పుతూ నడిచి వచ్చి, నోటుబుక్కు తెరిచి, అందరి ముందూ చచ్చినవాళ్ల పేర్లు చదివేవాడు.

"తుర్గున్‌బెక్! టోపీ కోసం వెనక్కి వెళ్లావు. చచ్చావు."

"అది మా నాన్న టోపీ అన్నా!"

"ఇప్పుడు మీ నాన్న దగ్గరికే పోయావుగా, ఆయనకే ఇచ్చెయ్. తర్వాత, కాలిపా. నాలుగు నిమిషాలు ఆలస్యం. చచ్చావు."

"పిండి కలుపుతున్నాను. చేతులు కడుక్కోవద్దా?"

"వరదే వచ్చి కడుగుతుంది. తర్వాత, ఇమాము గారు..."

ఇమాము గారు ఆకాశం వంక చూసేవాడు.

ఊళ్లోవాళ్లు బతికి ఉన్నందువల్ల ఫిర్యాదులు రాసేవాళ్లు. అవన్నీ అనార్‌కుల్ బల్ల మీదికి వచ్చేవి. తనను పదేపదే చచ్చినవాళ్లలో చదవడం వల్ల మసీదులో తన మాట పలచనవుతోందని ఇమాము రాశాడు. ఆరుసార్లు చచ్చినవాడు ఆవునేం బతికిస్తాడని జనం నవ్వుతున్నారని పశువుల డాక్టరు రాశాడు. తన మొగుణ్ణి బతికినవాళ్లలోనూ తనను చచ్చినవాళ్లలోనూ చదివితే ఆ మహానుభావుడు రెండో పెళ్లి గురించి పరాచికాలాడుతున్నాడని కాలిపా రాసింది. అనార్‌కుల్ అన్నిటికీ ఒకే జవాబు రాసేది: "పరిశీలిస్తున్నాం."

ఫిర్యాదులంటే ఓస్మోనాలికి బెదురు లేదు. కుర్రతనంలో ఫెర్గానా లోయలో వడగళ్ల మబ్బుల మీదికి రాకెట్లు వదిలే దళంలో పనిచేశాడు. ద్రాక్షతోటల మీద పడబోయే వడగళ్లను ముందే పైన కరిగించి వానగా దించడం వాళ్ల పని. ఒకసారి ఆయన కొట్టిన మబ్బు తోటను వదిలేసి, పక్కకు జరిగి, దళపతి సొంత పుచ్చతోట మీద కోడిగుడ్డంత వడగళ్లు కురిపించింది. ఆ దళపతి రాసిన ఫిర్యాదు పదకొండు పేజీలు. అది చదివినవాడికి కష్కతోర్ ఫిర్యాదులు ఒక లెక్కా?

మబ్బులతో అంతకాలం పోట్లాడిన మనిషికి మబ్బులంటే అభిమానం మిగిలింది. ఆకాశం నల్లబడి ఉరుములు వినిపిస్తే గుట్ట మీద గొర్రెతోలు కప్పుకుని హాయిగా కునుకు తీసేవాడు. ఎండ కాసి ఆకాశం అద్దంలా ఉంటే మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

"మబ్బు నిజాయితీ కలది అమ్మాయ్," అనేవాడు అనార్‌కుల్‌తో. "వచ్చేముందు అరిచి చెబుతుంది. దాన్ని కొట్టొచ్చు కూడా. మా రోజుల్లో వడగళ్లే శత్రువు. ఇప్పుడు ఎండ శత్రువు. మంచు మొత్తం నెత్తిమీద కరిగిపోతోంది. ఎండ మీదికి రాకెట్టు వదలగలమా?"

"అది సరే అన్నా. డ్రిల్లులు ఏడాదికి రెండు చాలని జిల్లా నుంచి కాగితం వచ్చింది. నువ్వు నిరుడు పందొమ్మిది పెట్టావు."

"ఏదీ, చూపించు." కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండువైపులా చదివాడు. "రెండుకు తక్కువ కాకూడదని ఉంది. ఎక్కువ కాకూడదని ఎక్కడుంది?"

పందొమ్మిది పెట్టినందుకు కాదు జనం ఏడుపు. ఆయన ముహూర్తాలకు. సరిగ్గా పెళ్లివాళ్లు మాంసం వడ్డించే వేళకు సైరన్ మోగేది. కొత్త బిడ్డను ఉయ్యాల్లో వేసే పండుగకు మోగేది. ఇమాము తమ్ముడి పెళ్లిలో అయితే పెళ్లికొడుకు ప్రమాణం సగంలో ఉండగా మోగింది. అంతమందీ దిబ్బకు పరుగెత్తారు. వంటవాళ్లు పలావు డేగిసాలు మోసుకుంటూ వెనకాల. డేగిసాలు కూడా పైకి చేర్చాలని ఓస్మోనాలి నియమం. "బతికి బయటపడ్డాక ఆకలితో చస్తారా?" అనేవాడు.

ఆ రోజు నోటుబుక్కు తెరిచి, "పెళ్లికూతురు బతికింది. పెళ్లికొడుకు చచ్చాడు," అని చదివాడు.

పెళ్లికూతురి తల్లి గుండెలు బాదుకుంది. "పెళ్లి పూర్తికాకుండానే నా బిడ్డను విధవను చేశావు కదయ్యా!"

"అల్లుణ్ణి కాస్త పరుగెత్తమని చెప్పు," అన్నాడు ఓస్మోనాలి.

ఎలాగూ డేగిసాలు పైకి వచ్చాయి. మళ్లీ కిందికి దించడానికి ఎవరికీ ఓపిక లేదు. దిబ్బ మీదే కంబళ్లు పరిచి, మిగిలిన ప్రమాణం చదివించి, సాయంత్రం దాకా తిని పాడి ఆడి దిగారు. ఇలాంటివి ఆ ఊళ్లో మామూలైపోయాయి.

డ్రిల్లుల్లో అందరికంటే కష్టం సైరాకాన్ అవ్వ కుర్చీ మోసేవాళ్లది. అవ్వకు ఎనభై నాలుగేళ్లు. వాగు పక్క కింది వీధిలో ఒక్కతే ఉండేది. తుంటి విరిగినప్పటి నుంచి గడప దాటలేదు. డ్రిల్లు అన్నప్పుడల్లా నలుగురు మగవాళ్లు ఆమెను కుర్చీతో సహా దిబ్బ ఎక్కించాలి. ఆమె దారి పొడుగునా తిడుతూనే ఉండేది.

"ఏరా డాక్టరూ, ఒకవైపే దించుతావేం? నేనేమన్నా గడ్డిమోపునా?"

"మాట్లాడకుండా కూర్చో అవ్వా, బరువవుతోంది."

"నోటికి కూడా బరువుంటుందట్రా?"

డ్రిల్లే కదా, అవ్వ బదులు అంతే బరువున్న పిండిబస్తా మోస్తామని నలుగురూ కలిసి అర్జీ పెట్టుకున్నారు. ఓస్మోనాలి ఒప్పుకోలేదు. "బస్తా తిట్టదు. తిట్లు తింటూ ఎక్కడం వేరు, ఊరికే ఎక్కడం వేరు," అన్నాడు. అవ్వ కూడా నిట్టూర్చి, "సర్కారు ఉత్తర్వు కదా, కాదంటే ఊరుకుంటారా?" అనేది.

ఆ ఏడు జూలైలో పదకొండు రోజులు ఏకబిగిన ఎండ కాసింది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. పన్నెండో రోజు ఊరంతా గడ్డికోతల్లో ఉండగా మధ్యాహ్నం మూడు దాటాక సైరన్ మోగింది.

"ఇవాళ ఊళ్లో పెళ్లి కూడా లేదు కదా, ఈయనకేం వచ్చింది?" అంది కాలిపా, కొడవలి కింద పెడుతూ.

అందరూ తిట్టుకుంటూనే కదిలారు. కాళ్లకు దారి అలవాటైపోయింది. అనార్‌కుల్ బల్ల మీద కాగితాలు బల్ల మీదే వదిలి, తలుపు బార్లా తీసి వచ్చేసింది. ఆరోసారి చావడం ఆమెకు ఇష్టం లేదు. నలుగురూ అవ్వను మోసుకుంటూ, తిట్లు తింటూ దిబ్బ ఎక్కారు. టోపీ లేకుండా తుర్గున్‌బెక్ కుర్చీ కాలు పట్టుకుని వచ్చాడు. దిబ్బ మీద చెమటలు తుడుచుకుంటూ ఓస్మోనాలి కోసం చూస్తున్నారు. అప్పుడు ముందుగా అనార్‌కులే గమనించింది: వాగు చప్పుడు ఆగిపోయింది.

తర్వాత తడిమట్టి వాసన కొట్టింది. ఆ తర్వాత చప్పుడు. ఆ ఊళ్లో రైలు చూసినవాళ్లు కొద్దిమందే గానీ, చూసినవాళ్లందరూ రైలే అనుకున్నారు. లోయ మలుపులో నల్లటి గోడ ఒకటి లేచింది. ఆ గోడలో ఇళ్లంత బండలు బంతుల్లా దొర్లుతూ వచ్చాయి. కింది వీధిలో పదకొండు ఇళ్లు ఒకదాని తర్వాత ఒకటి కూలి కొట్టుకుపోయాయి. పశువుల ఆసుపత్రి పోయింది. ఊరి ఆఫీసు గోడ పోయింది. ఎండ అలాగే కాస్తోంది. ఆకాశం అలాగే నీలంగా ఉంది.

సైరాకాన్ అవ్వ తిట్లు మానేసి, తన ఇల్లు ఉన్న చోటికేసి చూసింది.

గుట్ట దారిన ఓస్మోనాలి దిగి వచ్చాడు. నోటుబుక్కు తెరిచాడు. ఈసారి చచ్చినవాళ్ల పేర్లు కాదు, ఊరందరి పేర్లూ చదివాడు. రెండువందల పద్నాలుగు పేర్లు. పిలిచినప్పుడల్లా ఒక గొంతు "ఉన్నాను" అంది. చంటిపిల్లలకు తల్లులు పలికారు. ఆఖరి పేరు ఇమాముది. ఆయన "ఉన్నాను" అన్నాక ఓస్మోనాలి పుస్తకం మూసి, ఉన్నచోటే కూలబడ్డాడు.

"మాకు ఎంత పట్టింది అన్నా?" అన్నాడు తుర్గున్‌బెక్ మెల్లగా.

"ఎనిమిది నిమిషాల యాభై సెకన్లు."

"వరదకి?"

"తొమ్మిది నిమిషాల పది సెకన్లు."

తుర్గున్‌బెక్ బోడితల తడుముకున్నాడు.

తర్వాత అధికారులు వచ్చారు, ఫొటోలు తీశారు, ఓస్మోనాలికి శాలువా కప్పినట్టు చపాన్ అనే పొడుగు కోటు కప్పారు. ఇళ్లు పోయినవాళ్లకు ఊరికి ఎగువన, పాప్లార్ చెట్లు దాటాక ఉన్న మెట్టనేల మీద కొత్త ఇళ్లు కట్టించారు. అవ్వకూ అక్కడ ఒకటి వచ్చింది. కొండ మీద నీటిమట్టం చూసే యంత్రాలు బిగించారు. వసంతానికల్లా జిల్లా నుంచి కాగితం వచ్చింది: డ్రిల్లులు ఇక ఏడాదికి ఒకటే. మెట్ట మీది వాళ్లు ఎక్కడికీ కదలక్కర్లేదు. ఎవరినీ మోయక్కర్లేదు.

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఓస్మోనాలి ముఖం మాత్రం మాడిపోయింది. పొగడ్తలు విన్నా చలించేవాడు కాదు. ఆఫీసుకు వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని, టీ తాగకుండా చల్లారబెట్టి వెళ్లేవాడు. ఊరిని కాపాడిన మనిషికి ఇంత దిగులేమిటో అనార్‌కుల్‌కు అంతుబట్టలేదు.

ఒకరోజు ఆమె జిల్లాకు పంపాల్సిన నివేదిక కోసం పాత డ్రిల్లుల తేదీలు ఎక్కిస్తోంది. పెళ్లిళ్ల రిజిస్టరు కూడా డ్రిల్లుల రిజిస్టరున్న బీరువాలోదే. బల్ల మీద రెండూ పక్కపక్కన తెరిచి ఉన్నాయి. ఆమె చూపు దీని మీద నుంచి దాని మీదికి పోయింది. రెండిట్లోనూ అవే తేదీలు. పెళ్లి లేని తేదీల్లో ఒకటి ఉయ్యాల పండుగది. మిగతావి నాలుగు. ఒకటి ఆప్రికాట్లు పూసిన వారం. ఒకటి మందలు కొండ మీది మేతకు వెళ్లిన రోజు. ఇంకొకటి అవి దిగి వచ్చిన రోజు. మరొకటి గుర్రపుపందేల రోజు. దిబ్బ మీద నుంచి అన్నీ కనిపిస్తాయి.

తన పెళ్లికి పిలవడానికి వెళ్లినప్పుడు సైరాకాన్ అవ్వ అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. "నలుగురు మోసేది మనిషిని ఒక్కసారే అమ్మాయ్. ఆ రోజు దాకా వేడుకల కోసం నేనొకరి భుజాల మీద ఎక్కను." ఎంత బతిమాలినా రాలేదు. వేడుకకు రానిది సర్కారు ఉత్తర్వుకు వచ్చింది. ఆమె వేడుకకు రాకపోతే, ఓస్మోనాలి వేడుకనే తరిమి తెచ్చి దిబ్బ మీద ఆమె కుర్చీ చుట్టూ కూర్చోబెట్టాడు.

అనార్‌కుల్ రెండు రిజిస్టర్లూ మూసింది. కాసేపటికి ఓస్మోనాలే వచ్చాడు. చేతిలో అర్జీ.

"భూకంపం డ్రిల్లా?" అంది ఆమె చదివి.

"మరేం? మన కింద నేల నమ్మదగ్గదేం కాదు. దాన్ని ఒక్కరూ పట్టించుకోవడం లేదు."

"ఎప్పుడు పెడతావు?"

"ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అనుకుంటున్నాను."

"ఆదివారం తుర్గున్‌బెక్ కూతురికి మగపెళ్లివారు వచ్చి చెవిపోగులు పెట్టి సంబంధం ఖాయం చేసుకుంటున్నారు."

"అలాగా?" ఓస్మోనాలి పొయ్యి వంక చూశాడు. "నాకెవరూ చెప్పలేదే."

"భూకంపం వస్తే జనం ఎక్కడికి చేరాలి?"

"ఆరుబయటికి. తుర్గున్‌బెక్ ఇంటి ముందు బయలు బాగా పెద్దది."

"సైరాకాన్ అవ్వ?"

"మోసుకురావాలి మరి. ఉత్తర్వు ఉందంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది?"

"ఉత్తర్వు ఎక్కడుంది అన్నా?"

"నువ్వు రాస్తే ఉంటుంది," అన్నాడు ఆయన, టోపీ చేతిలో తిప్పుతూ.

అనార్‌కుల్ రాసింది. ముద్ర ఒకటి చాలు, రెండు వేసింది. ఉత్తర్వు తనే పట్టుకుని మెట్ట ఎక్కి, అవ్వ ముందు నిలబడి గట్టిగా చదివింది. అవ్వ కళ్లు మూసుకుని ఆఖరిదాకా విన్నది.

"పాపం ఓస్మోనాలి," అంది. "వరద తరుముకొస్తుంటే పలావు డేగిసాలు కూడా మోసుకురమ్మనేవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు."

"నీకు ముందే తెలుసా అవ్వా?"

"నా కాళ్లు పోయాయి గానీ కళ్లున్నాయిగా."

"మరి ఆయనతో ఎప్పుడూ అనలేదేం?"

"అంటే సిగ్గుపడి మానేస్తాడు. అప్పుడు నేనెక్కడికి పోను?" అవ్వ ఒక కన్ను తెరిచింది. "భూకంపం ఎన్నింటికన్నావు?"

"రెండింటికి."

"అయితే ఒంటిగంటకల్లా వచ్చి నాకు ఆ తెల్ల తలగుడ్డ చుట్టి పో. అంతమంది వచ్చే భూకంపానికి ఇలా వెళితే ఏం బాగుంటుంది?"