ఆరని మట్టి

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఒక క్షణం ఆగిపోతారు. గోడ పొడవునా వరుసగా వినాయకులు, ఒక్కరికీ కళ్ళు ఉండవు. నేను వాటి మధ్యే చాప వేసుకుని పడుకుని పెరిగాను. హైదరాబాద్ ధూల్‌పేట్‌లో మా నాన్న చేసిన పనీ, నేను చేస్తున్న పనీ ఒకటే, మట్టి విగ్రహాలు. దయ్యమనో, గాలి సోకడమనో ఎవరైనా మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. పొద్దున ముద్దగా ఉన్నదాన్ని సాయంత్రానికి దేవుడిగా నిలబెట్టేవాడికి దయ్యం ఒక లెక్కా అనుకునేవాణ్ణి.

ఇప్పుడు రాస్తున్నది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెప్తాను. అందులో నా తప్పు ఎంత ఉందో కూడా చెప్తాను.

మా పనిలో ముద్ద నాది, చూపు నా భార్య సుజాతది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి విగ్రహాలకు కళ్ళు దిద్దేది ఆమే. సన్న కుంచె పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క గీతలో రెప్ప గీస్తుంది. కొనడానికి వచ్చేవాళ్ళు కూడా "అక్క దిద్దినయ్ చూపియ్యి అన్నా" అని అడుగుతారు.

పోయినేడు నిమజ్జనం అయిపోయి చేతులు ఖాళీ అయ్యాక, ఒకరోజు భోజనం దగ్గర సుజాత అంది. "మనం చేసిన దేవుళ్ళందరు నీళ్ళల్లకే పోతరు. నేను మాత్రం ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న మంచి నీళ్ళు పారంగ చూడలే."

ఆమె నన్ను ఏదైనా అడగడం తక్కువ. ఫోన్లో వెతికి, కర్ణాటక వైపు పడమటి కనుమల్లో ఒక జలపాతానికి మనుషుల్ని నడిపించుకుని తీసుకెళ్ళే ఆయన్ని పట్టుకున్నాను. పేరు మంజునాథ్. గుంపుతో వెళ్తే తక్కువలో అయిపోయేది. కానీ సుజాత నెమ్మదిగా నడుస్తుంది, కుర్రవాళ్ళ వెనక రొప్పుతూ నడవడం నాకు నామోషీ. మా ఇద్దరికే వేరుగా రమ్మన్నాను.

అతనికి కన్నడ, హిందీ వచ్చు. మాకు హిందీ పాతబస్తీలో పుట్టుకతోనే వస్తుంది కాబట్టి మాటలకు ఇబ్బంది లేకపోయింది. బయలుదేరే ముందు మా చేతికి చిన్న గుడ్డ మూటలు ఇచ్చాడు. వాటిలో ఉప్పు.

"భాయ్‌సాబ్, జలగ పట్టిందని అరవొద్దు. దానికీ ఆకలే కదా. ఉప్పు అద్దండి, అదే వదిలిపోతుంది" అన్నాడు.

"ఉప్పుకే పోతదా?" అంది సుజాత హిందీలోనే, నా వైపు చూసి. "మా ఇంట్ల ఒకరున్నరు, కారం వెట్టినా పోరు."

మంజునాథ్ దారంతా ఆ మాట తలుచుకుని నవ్వుతూనే ఉన్నాడు.

అలాంటి అడవిని నేనెప్పుడూ చూడలేదు. నడినెత్తిన ఎండ ఉండాల్సిన వేళ కూడా కింద మసక వెలుతురే. చెట్ల కాండాలు చెమట పట్టినట్టు తడిగా ఉన్నాయి. జలపాతం కనిపించకముందే చాలాసేపటి నుంచి వినిపించింది. ఆ శబ్దం గురించి కాస్త వివరంగా చెప్పాలి. నీళ్ళు పైనుంచి నేరుగా కిందికి పడవు. సగం దారిలో ఒక బండ మీద పడి, అక్కడి నుంచి మళ్ళీ గుండంలోకి పడతాయి. అందుకని రెండు దెబ్బలు వినిపిస్తాయి. ఒకటి బరువుగా, దాని వెనకే ఇంకొకటి పలుచగా.

సుజాత చీర కొంచెం ఎత్తిపట్టి గుండం అంచున కాళ్ళు పెట్టి నిలబడింది. ఆమె ముఖంలో అంత నెమ్మది నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

గుండానికి ఎడమ పక్క, బండ కింద, నీలంగా బూడిద రంగులో ఒక మట్టి చార ఉంది. మట్టి కనబడితే మావాళ్ళ చేయి ఆగదు. చిటికెడు తీసి వేళ్ళ మధ్య రుద్దాను. ఇసుక నలుసు లేదు. నాలుక చివర పెట్టుకుని చూశాను. లారీల్లో తెప్పించుకునే చెరువు మట్టిని తొక్కీ తొక్కీ జల్లించినా అంత మెత్తదనం రాదు. నాలుగు వేళ్ళూ దించి ఒక ముద్ద తవ్వాను.

"ఏదీ తీసుకెళ్ళకూడదు, భాయ్‌సాబ్. ఆకు కూడా. అటవీ శాఖ రూలు, నాది కాదు" అన్నాడు మంజునాథ్.

"పెట్టెయ్. ఆయన చెప్తుండు కద" అంది సుజాత.

సరేనని వంగాను. వాళ్ళిద్దరూ తిరిగి నడక మొదలుపెట్టగానే ఆ ముద్దను పులిహోర తెచ్చుకున్న ఖాళీ స్టీలు డబ్బాలో పెట్టి మూత వేశాను. దారిలో సుజాత అడిగింది. "పెట్టినవా?"

"పెట్టిన" అన్నాను.

ఇంటికొచ్చాక డబ్బాను పనిగదిలో, అచ్చులు పెట్టే ఇనుప రాక్ మీద అన్నిటికన్నా పైన దాచాను. కొత్త సీజన్లో మొదటి విగ్రహం దానితోనే చేయాలని నా ఆశ. అంతకుమించి వేరే ఆలోచన లేదు. సుజాతకు డబ్బా ఎక్కడో పోయిందని చెప్పాను. అది రెండో అబద్ధం.

ఎండాకాలంలో పని మొదలుపెట్టే ముందు డబ్బా తీసి చూశాను. మట్టి పెట్టినప్పటిలాగే తడిగా ఉంది. మూత ఉంది కాబట్టి ఆరలేదు అనుకున్నాను. మూత తీసి, మిద్దె మీద మే నెల ఎండలో పెట్టాను. మా చెరువు మట్టి అయితే అక్కడ పూట తిరక్కుండానే పగుళ్ళిస్తుంది. సాయంత్రం వెళ్ళి వేలు పెడితే లోపలికి దిగింది. నేను దాని మీద చుక్క నీళ్ళు చల్లలేదు. కొన్ని మట్టులు అంతేనేమో అని సర్దిచెప్పుకుని మళ్ళీ రాక్ మీదే పెట్టాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. వీధిలో కూడా అలికిడి లేదు. సుజాత గ్లాసు కడుగుతూ ఆగిపోయింది.

"ఎక్కడనో నీళ్ళు పడుతున్నయ్. వినిపిస్తుందా?"

వినిపించింది. ఆ రోజు మాకు నల్లా నీళ్ళు వచ్చే రోజు కాదు. అది నల్లా శబ్దమూ కాదు. ఎత్తు నుంచి బండ మీద పడి, మళ్ళీ పడుతున్న నీళ్ళు. బరువుగా ఒకటి, పలుచగా ఒకటి.

"ఏం లేదు" అన్నాను.

ఎందుకలా అన్నానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అవునంటే ఇద్దరం కలిసి వెతుకుతాం. వెతికితే రాక్ దాకా వస్తాం. డబ్బా దొరికితే 'పెట్టిన' అన్న మాట బయటపడుతుంది. ఇంత చిన్న లెక్క కోసం నా భార్య చెవుల్ని అబద్ధం చేశాను.

అప్పటి నుంచి ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడల్లా అదే. సుజాత నల్లాలు విప్పి చూసేది, సంపు మూత ఎత్తి చూసేది, పక్కింటికి వెళ్ళి మీ ట్యాంకు పొంగుతుందా అని అడిగేది. ఒకరోజు వంటగదిలోంచి పిలిచింది. వెళ్ళి చూస్తే ఆమె చీలమండకు జలగ పట్టి ఉంది. మే నెలలో, ధూల్‌పేట్‌లో, సిమెంటు గచ్చు మీద. ఆమె నిదానంగా ఉప్పు అద్దింది. అది రాలిపడింది. సన్నగా నెత్తురు కారింది. మా అన్న భార్య, పై పోర్షన్లో ఉండే వదిన, అది కళ్ళారా చూసింది.

"కూరగాయలల్ల వచ్చి ఉంటది" అన్నాను.

వదిన నన్ను పక్కకు పిలిచింది. "దీనికి గాలి సోకింది. అడవులు పట్టుకొని తిరిగొస్తిరి. దర్గా కాడికి తీస్కపోయి తాయెత్తు కట్టియ్యి."

"తాయెత్తు లేదు, గీయెత్తు లేదు వదినా. డాక్టర్‌కు చూపిస్తా. నువ్వు లొల్లి చెయ్యకు."

తెలివైన మాట మాట్లాడానని అప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది.

డాక్టర్ మంచివాడే. ఆమె చెప్పిందంతా ఓపికగా విని, నా వైపు తిరిగి అడిగాడు. "మీకు కూడా వినిపిస్తుందా?" సుజాత నా ముఖం వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూసుకుంటూ "లేదు సార్" అన్నాను. ఆయన విన్నదాన్ని బట్టే ఆయన మందు రాశాడు.

మాత్రలు వేసుకున్నాక ఆమె పగలు కూడా మగతగా ఉండేది. కరెంటు పోయినప్పుడు మాత్రం తల ఎత్తి నన్ను చూసేది. నేను పలకకపోతే తల దించుకునేది. అడగడం మానేసింది. అడగడం లేదు కాబట్టి తగ్గిందని వదినతో చెప్పాను. నాకు మాత్రం ప్రతిసారీ వినిపిస్తూనే ఉంది. ఆమె యాకుత్‌పురాలో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళిన రోజు, తలుపు వేసుకుని గోడల మీద, పైపుల మీద చెవి ఆనించి ఇల్లంతా తిరిగాను. రాక్ కింద నిలబడినప్పుడు అన్నిటికన్నా గట్టిగా ఉంది. డబ్బా దించి చెవి దగ్గర పెట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది.

వానలు మొదలయ్యే నాటికి విగ్రహాలు ఆరి, రంగులు వేసుకుని, కళ్ళ కోసం ఎదురుచూస్తున్నాయి. సుజాత పీట వేసుకుని కూర్చుంది. కుంచె ముంచింది. చేయి వణికింది. రెప్ప గీత ముక్కు మీదికి జారింది. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. ఇంకో విగ్రహం తీసుకుంది. అదీ అంతే. కుంచెను నీళ్ళలో కడిగి, గుడ్డకు అద్ది, పక్కన పెట్టి, పక్కనే కూర్చున్న వదినతో అంది.

"అక్కా, వేరే ఎవర్నన్న చూడున్రి. పిచ్చిదాని చేత దేవునికి కండ్లు పెట్టిస్తరా?"

కోపంగా అనలేదు. ఏడవనూ లేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. నా మాటతో నా భార్య తనను తాను పిచ్చిదని ఒప్పుకుంది.

నేను లేచి రాక్ మీది డబ్బా దించి ఆమె ముందు పెట్టాను.

"నాకు గూడ వినిపిస్తుంది, సుజాతా. మొదటి దినం నుంచి."

ఆమె మూత తీసింది. తడి మట్టి. దాని మీద నా వేళ్ళ గుర్తులు. చూసి ఒక్క మాటే అడిగింది. "డాక్టర్ అడిగినప్పుడు?"

"అప్పుడు గూడ."

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. వదిన నన్ను చూసి, "నువ్వు మనిషివేనా?" అంది.

మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్ళి నేనే అంతా చెప్పాను. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే భ్రమ కలగొచ్చని ఆయన అన్నాడు. అయినా మాత్రలు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ ఆపేద్దామన్నాడు. మంజునాథ్‌కు ఫోన్ చేస్తే పెద్దగా నవ్వాడు. "పూలు, రాళ్ళు ఎత్తుకెళ్ళినవాళ్ళు ఎంతమందో ఉన్నారు, భాయ్‌సాబ్. ముద్ద మట్టి తిరిగిచ్చేందుకు రైలెక్కుతున్నవాళ్ళు మీరొక్కరే."

"నువ్వు ఇంట్ల ఉండు, నేను పోయొస్తా" అన్నాను సుజాతతో.

"వస్త" అంది. "ఈసారి పెట్టినవో లేదో నా కండ్లతోని చూస్త."

వానలకు అడవి దారి జారుడుగా ఉంది. ముందు నడుస్తున్న మంజునాథ్ మట్టి ముద్ద సంగతే తలుచుకుని నవ్వుతున్నాడు. గుండం నిండి, నీళ్ళు పోయినసారి మేము నిలబడిన చోటు దాటి వచ్చాయి. ఎడమ పక్క బండ కింద మట్టి చార మీదుగా కూడా నీళ్ళు పారుతున్నాయి. చార అంచులన్నీ కరిగి నునుపుగా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం గుంట ఉంది. గుంటలో నాలుగు వేళ్ళ చాళ్ళు, అప్పుడే తవ్వినట్టు.

నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మట్టితో బతుకుతున్నవాణ్ణి. తడి మట్టి మీద వేలి గుర్తు, పారే నీటి కింద ఎంతసేపు నిలుస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. చేయి పెట్టి చూశాను. నా వేళ్ళు ఆ చాళ్ళలో సరిపోయాయి. మంజునాథ్ నవ్వడం ఆపేశాడు. డబ్బాలోని ముద్ద తీసి గుంటలో పెట్టి అదిమాను. సుజాత నా భుజం పక్కన వంగి చివరిదాకా చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో ఆగి అంది. "నీళ్ళు వినిపిస్తే నేను భయపడలే. నువ్వు వినిపిస్తలేదన్నవు చూడు, గప్పుడు భయపడ్డ."

ఆ తర్వాత మా ఇంట్లో ఆ శబ్దం రాలేదు. మాత్రలు పూర్తిగా ఆగాక ఆమె చేయి కుదురుకుంది. ఆలస్యంగానైనా కళ్ళు దిద్దింది. కొన్ని మాత్రం పండుగకు అందలేదు. అవి ఇప్పటికీ గోడ వారగా కళ్ళు లేకుండానే ఉన్నాయి.

కారణాలు నేనూ వెతుక్కున్నాను. కొన్ని మట్టులు తొందరగా ఆరవు. తప్పు చేసినవాడి చెవికి లేనివి వినిపిస్తాయి. నా వరకు అది సరిపోతుంది. ఏ తప్పూ చేయని సుజాతకు ఎందుకు వినిపించిందో, జలగ ఎక్కడి నుంచి వచ్చిందో, వానలో ఆ గుంట ఎలా నిలిచిందో నాకు తెలియదు. తెలుస్తుందన్న ఆశ కూడా లేదు.

ఇప్పటికీ కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినప్పుడు సుజాత చేతిలో పని ఆపి అడుగుతుంది. "వినిపిస్తుందా?"

ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటాను. ఏమీ ఉండదు. "లేదు" అంటాను. అప్పుడు చెప్పినదీ ఆ మాటే.

ఆమె, కుంచె ముంచే ముందు విగ్రహం ముఖాన్ని చూసినట్టు, నా ముఖాన్ని కాసేపు చూస్తుంది.