కొసరు తెలియని కెమెరా

చింతపల్లిలో మాది కిరాణా కొట్టు. కెమెరాలు ఎందుకు పెట్టించావని ఎవరడిగినా దొంగల భయమని చెబుతాను. అసలు కారణం ఎదురు కొట్టాయన. టీ బడ్డీ దగ్గర నలుగురి ముందు "నీ కొట్లో దొంగోడికి మాత్రం ఏటి దొరుకుతాది బావా?" అన్నాడు. ఆ మాట నేను మరవలేదు. మరిచే రకాన్నీ కాదు.

ఉత్త కెమెరాలైతే ఆయనా పెట్టగలడని, మనుషుల కదలికలు చూసి దొంగతనం పసిగట్టే సాఫ్ట్‌వేర్ కూడా వేయించాను. తూకం అయిపోయాక, ముఖం ఎక్కించిన కొట్టు మనుషులు తప్ప ఎవరు బస్తాలో చెయ్యి పెట్టినా సైరన్ మోగుతుంది.

అది మొదటిసారి సంత రోజున మోగింది. కొండ మీది నుంచి ఏటా తన మిరియాలు నాకే తెచ్చి అమ్మే పెద్దమ్మ, సరుకులు కట్టించుకుని, ఎప్పటిలాగే ఎండుమిరపకాయల బస్తాలోంచి గుప్పెడు కొసరు తీసుకుంది. మా దగ్గర కొసరు మేం ఇవ్వం, వాళ్లే తీసుకుంటారు. సైరన్‌కి సంతంతా మా గుమ్మం ముందు నిలబడింది.

"ఏటి సావుకారూ, నా సెయ్యి దొంగ సెయ్యా?"

"నేననలేదు పెద్దమ్మా, మిషను..."

"మిసను నీదే కదా?"

మిరపకాయలు మళ్లీ బస్తాలో పోసేసి ఎదురు కొట్టుకు వెళ్లిపోయింది. అక్కడాయన నాకు కనబడేలా దోసిలి నిండా కొసరు పోశాడు. అదీ మరవలేదు.

మిరియాల కోత దగ్గర పడుతోంది. ఆమె సరుకు ఆ గడప ఎక్కితే నేనిక టీకి కూడా బయటికి రాలేను. కంపెనీవాళ్లతో రోజూ ఫోన్‌లో తగువే. సైరన్ ఆపేసుకోమన్నారు. ఆపితే ఎదురు కొట్టాయన గెలిచినట్టు! చివరికి టెక్నీషియన్ విసిగిపోయి, "సార్, కొసరుకి ఆప్షన్ లేదు. ఆవిడ ముఖాన్ని స్టాఫ్ కింద ఎక్కించుకోండి" అన్నాడు.

తర్వాతి సంతకి, చలిలో ఎదురు కొట్టు దాకా వెళ్లి ఆమెను బతిమాలాను.

"ఒక్కసారి కెమెరా ముందు నిలబడు పెద్దమ్మా. ఇక నిన్ను మా కొట్టు మనిషి అనుకుంటాది."

"ఇన్నాళ్లూ నువ్వేటనుకున్నావు మరి?"

అంది గానీ వచ్చింది. ముఖం ఎక్కించాక గుప్పెడు మిరపకాయలు తీసింది. మోగలేదు. ఆ సంబరంలో ఇంకో గుప్పెడు నేనే ఇద్దామని బస్తాలో చెయ్యి పెట్టాను. సైరన్ మోగింది. ఏదీ మరవని నేను, ముఖం సగం కప్పేసిన మంకీ క్యాప్ తీయడం మరిచాను.

పెద్దమ్మ కాటా పట్టుకుని మరీ నవ్వింది. "దొంగోడు దొరికేసాడర్రా!" అని వీధంతా వినబడేలా అరిచింది.

కోత అయ్యాక ఆమె మిరియాల బస్తాలు నా కొట్లోనే దించింది. దించే ముందు నా తలమీది క్యాప్ తనే లాగి పక్కన పెట్టింది. ఎదురు కొట్టాయన మాత్రం టీ బడ్డీ దగ్గర నన్ను చూస్తే చాలు, "దొంగోడొచ్చాడు, జాగర్తర్రా" అంటున్నాడు. ఆ మాటా మరవను.