తోయో సాన్ చేతికి కుదిరిన కలం

ఒనోమిచి రేవు నుంచి కొండమీదికి పోయే మెట్లదారిలో, సగం దూరాన కాజితానీ వాళ్ల కలాల కొట్టు ఉండేది. గట్టి నల్ల రబ్బరు కడ్డీలను లేత్ మీద తిప్పి, చెక్కి, కలాలు చేసేవారు. పెద్దాయన గెంపాచి చేతులు వణకడం మొదలైన దగ్గర్నుంచీ ఆ పని కూతురు ఫుసాయేదే. ఆమెకు నలభై ఆరేళ్లు. పదకొండేళ్లుగా చేసేది తనే అయినా, కలం మీద చెక్కే పేరు మాత్రం తండ్రిది. అందులో తప్పుందని ఆమెకెన్నడూ తోచలేదు.

యుద్ధం ముగిసిన ఎనిమిదో ఏట, వానలు వెనకపట్టిన రోజుల్లో తోయో సాన్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. రాయడం రానివాళ్లకూ, వచ్చినా మాట కుదరనివాళ్లకూ ఉత్తరాలు రాసిపెట్టడం ఆవిడ వృత్తి.

"ఏమే ఫుసాయే, మీ నాన్న కలం నా చెయ్యి కొరుక్కు తింటోంది" అంటూ బొటనవేలు చూపించింది. దాని మొదలు వాచి ఎర్రగా ఉంది. "మూడు ఉత్తరాలయ్యేసరికి వేలు పనిచెయ్యనంటోంది. నిన్న నలుగుర్ని వెనక్కి పంపేశాను."

లోపల టీ తాగుతున్న గెంపాచి ఊరుకోలేదు. "ఇరవయ్యేళ్లు రాసి ఇప్పుడు వంకలు పెడుతోందా? ముసలితనం చేతిది, కలానిది కాదు!"

"మీ చెవులు మాత్రం ఇంకా కుర్రవే, గెంపాచి సాన్!"

గెంపాచి కలాలు లావుగా, దర్జాగా ఉండేవి. మూతకు రెండు ఇత్తడి ఉంగరాలు. బరువైన కలం తన బరువుతోనే రాస్తుందనీ, చెయ్యి ఊరికే నడిపిస్తే చాలనీ ఆయన నమ్మకం. ఫుసాయేదీ అదే నమ్మకం. అయినా ఆ వాపు చూశాక మనసొప్పక, వారం పట్టి సన్నని, తేలికైన కలమొకటి చేసి ఇచ్చింది.

మూడోరోజుకే తోయో సాన్ తిరిగొచ్చింది. "ఇది కలమా, అన్నం తినే పుల్లా? కాగితం మీద ఆనాలంటే నేనే నొక్కాలి. ఇదివరకు వేలొక్కటే నొప్పి, ఇప్పుడు మణికట్టు కూడా."

లోపల్నుంచి తండ్రి నవ్వు వినిపించింది. ఫుసాయే మొహం మాడిపోయింది.

మర్నాడు పొద్దున్నే కొట్టు మూసి, పడవల రేవు పక్కనున్న తోయో సాన్ గదికి వెళ్లి ఓ మూల కూర్చుంది. ఒక నావికుడి భార్య ఉత్తరం చెబుతోంది. "మా అత్తగారి మాట మాత్రం రాయకండి."

"అదీ తీసేస్తే ఇంక మిగిలేది నీ సంతకమేనమ్మా" అంది తోయో సాన్.

ఫుసాయే వాళ్ల మాటలు వినడం లేదు, వేళ్లనే చూస్తోంది. తోయో సాన్ పాత కలం మూత తీసి దాని తోకకు తగిలించింది. ఉంగరాల బరువంతా అక్కడికి చేరి తోక వెనక్కి వాలబోయింది. వాలకుండా బొటనవేలు గట్టిగా బిగిసింది. గోరు తెల్లబడింది.

"మూత పక్కన పెట్టి రాయొచ్చుగా?"

"పెట్టానొకసారి. దొర్లుకుంటూ పోయి సముద్రంలో పడింది, ఇది రెండో మూత. ఈసారి పడితే నువ్వు దిగి వెతుకుతావా?"

ఫుసాయే దారం అడిగి తీసుకుని, కలాన్ని కట్టి వేలాడదీసింది. దారం చాలా వెనక్కి జరిగితేగాని కలం అడ్డంగా నిలవలేదు. బరువు ఎంతుందన్నది కాదు, ఎక్కడుందన్నదే అసలు సంగతి! ఇన్నేళ్లుగా కలాలను తూచిందే తప్ప, రాసే చేతిని ఒక్క పూటైనా కూర్చుని చూడలేదు. సిగ్గేసింది.

ఈసారి మూతను పల్చగా చెక్కింది. ఉంగరాలు తీసేసింది. తోకవైపు లోపల బాగా తొలిచి, వేళ్లు పట్టేచోట మాత్రం మందంగా వదిలేసింది. గెంపాచి చూసి మొహం తిప్పుకున్నాడు.

"ముల్లంగిలా ఉంది. దీనిమీద నా పేరు చెక్కకు."

పేరు చెక్కడానికి ఉలి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "సరే నాన్నా" అంది ఫుసాయే.

తోయో సాన్ కొట్టులోనే కూర్చుని రాసింది. ఒక వరుస, రెండు వరుసలు, చివరికి కాగితం నిండింది. గోరు ఈసారి తెల్లబడలేదు.

"ఎలా ఉంది?"

"కలం పట్టుకున్న సంగతే మర్చిపోయానే!" ఆవిడ కలాన్ని అటూ ఇటూ తిప్పింది. "పేరేదీ? బోడిగా ఉందేం?"

"నాన్న తన పేరు వెయ్యొద్దన్నారు."

"ఆయన పేరెవరడిగారు? చేసింది నువ్వేగా!"

తండ్రి పేరైతే కళ్లు మూసుకుని చెక్కగలదు. తన పేరు ఎప్పుడూ చెక్కలేదు. మొదటి గీతే జారింది. అరగదీసి మళ్లీ చెక్కుతానంటే తోయో సాన్ ఒప్పుకోలేదు.

ఆకురాలు కాలంలో ఆ కలం పాళీ సరిచేయడానికి వచ్చింది. కూతురు నీళ్లకు వెళ్లిన సమయంలో గెంపాచి దాన్ని వేలిమీద నిలిపి చూశాడు. చిత్తుకాగితం మీద ఏదో రాశాడు. అక్షరాల్లో వణుకు అలాగే ఉంది. ఫుసాయే తిరిగొచ్చేసరికి కలం ఆయన చేతిలోనే ఉంది.

"మూత ఇంకాస్త పల్చన చెయ్యొచ్చు" అన్నాడు.

ఫుసాయే పక్కనే కూర్చుని, ఎంత పల్చన అని అడిగింది. ఆయన గోటితో గీసి చూపించాడు.

అప్పట్నుంచీ కలం కోసం ఆ కొట్టుకు ఎవరొచ్చినా, ముందు ఫుసాయే చూస్తుండగా ఒక అరపూట కూర్చుని రాయాల్సిందే. విసుక్కుని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఆమె ఎవర్నీ బతిమాలలేదు, ఆ పద్ధతీ మానలేదు.