మూత తిప్పే మనిషి

మా ఇంట్లో మిక్సీని చంపింది నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మిర్యాలగూడ రైసుమిల్లులో ముప్పై ఏళ్లు మోటార్లు చూసుకున్నవాణ్ణి. అలాంటివాణ్ణి, రిటైరై ఇంట్లో కూర్చున్నాక, మిక్సీ కాస్త గుర్రుమందని రిపేరు షాపుకి పంపుతానా? హాల్లో పేపరు పరిచి విప్పేశాను. మళ్లీ బిగించేసరికి రెండు మరలు మిగిలాయి. మా ఆవిడ వాటిని ఏరి పోపుల డబ్బాలో వేసింది. తిట్టినా బాగుండేది.

వారం తర్వాత మెల్లగా, "ఎవరికన్న సూపిద్దామా?" అంది.

"నేనుండంగ ఇంకొకడెందుకు?" అన్నాను.

ఆ పౌరుషం రెండు నెలలు నడిచింది. ఆ రెండు నెలలూ ఆమె పెరట్లో మూలకున్న రోలు కడుక్కొని పచ్చళ్లన్నీ అందులోనే నూరింది. నేనేమో "రోటి పచ్చడి రుచే వేరబ్బా!" అంటూ లొట్టలేసుకుంటూ తిన్నాను. సిగ్గులేని నోరు నాది.

ఒకరోజు పొద్దున ఆమె చాయ్ గిన్నె దించబోయి జారవిడిచింది. చూస్తే కుడి మణికట్టు ఉబ్బి ఉంది. ఎన్నాళ్ల నుంచని అడిగితే, "మస్తు దినాలైంది, మీరు మిక్సీ పనిల ఉన్నరు గదా" అంది. దవాఖానలో డాక్టరమ్మ ఆ చెయ్యికి పట్టీ బిగించి, "ఆరు వారాలు నూరుడు బంద్, పిసుకుడు బంద్, మెలితిప్పే పని ఏదున్నా బంద్. ఇనకపోతే ఆపరేషన్ దాకా పోతది" అని చెప్పింది. చెబుతున్నంతసేపూ నావైపే చూసింది. ఆపరేషన్ మాట వినగానే మా ఆవిడ మొహం చిన్నబోయింది.

బయటికి రాగానే మాటిచ్చాను. "నీ చేతికి పని లేకుంట జేసే మిషన్ తెస్తా, సూడు."

"మరలు మిగలంది తెండ్రి" అంది.

మర్నాడే బజార్లో దుకాణానికి పోయాను. అతను రెండు డబ్బాలు ముందు పెట్టాడు. ఒకటి పెద్ద పవర్ బ్లెండర్, ఇంకొకటి ఫుడ్ ప్రాసెసర్. నేను నేరుగా వాట్లలోకి దిగాను. ఆర్‌పీఎం ఎంత, బేరింగా బుష్షా, కాయిల్ రాగిదా అల్యూమినియందా అని గుక్క తిప్పుకోకుండా అడిగాను. పాపం, అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి చివరికి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"అది సరే సార్, మీ ఇంట్ల రుబ్బుడెక్కువనా, తరుగుడు, పిండి కలుపుడు ఎక్కువనా?"

మిల్లులో ఏ మోటారు మీద ఎంత లోడు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. నా ఇంటి వంటగదిలో ఏ పని ఎంత జరుగుతుందో తెలియదు. దుకాణం బయటికొచ్చి మా ఆవిడకి ఫోన్ చేశాను.

"ముప్పై రెండేండ్ల సంది తింటున్నరు గదా, యాదికి తెచ్చుకోండ్రి" అని పెట్టేసింది.

ఇక లాభం లేదని, ఆ మిషన్లు వాడేవాళ్లనే అడుగుదామని బస్సెక్కాను. సూర్యాపేటలో మా అక్క దగ్గర ఫుడ్ ప్రాసెసర్ ఉంది. ఉందంటే, సజ్జ మీద పాత చీరలో చుట్టి ఉంది. స్టూలేసుకొని దించితే ఒక గిన్నెలో చింతపండు, ఇంకో గిన్నెలో దారపుండలు, సూదులు బయటపడ్డాయి.

"గిదేందక్కా?"

"మంచి మిషనే తమ్మీ. కాని అన్నీ కడిగి ఆరబెట్టుకునే వరకు, కత్తిపీటతోని వంట గూడ అయిపోతది" అంది.

మరుసటి రోజు కోదాడలో మా అమ్మాయి ఇంటికి పోయాను. కోడలిగా అక్కడ అడుగు పెట్టాక దాని భాష కూడా సగం ఆంధ్రా బార్డరు దాటింది. "చూడు నాన్నా, ఇందులో రాళ్లేసినా పిండైపోద్ది" అంటూ బ్లెండర్ ఆన్ చేసింది. అబ్బ, ఏం చప్పుడు! మిల్లుకి తిరిగొచ్చినంత సంబరమైంది నాకు. పల్లీ పచ్చడి చేసి పెట్టింది. నాలుక మీద వేసుకుంటే పల్లీ జాడే లేదు, మొహానికి రాసుకునే క్రీములా ఉంది.

"చపాతీ పిండి కలుపుతదా బిడ్డా?" అని అడిగాను.

"కలపదు. అయినా అమ్మ చెయ్యి గిన్నె దించలేనంత పాడయ్యేదాకా ఏం చేస్తున్నావు నాన్నా?" అంది. కోడలిగా వెళ్లాక దీనికి నోరు కూడా పెరిగింది. చెప్పులేసుకొని బస్టాండుకి నడిచాను.

తిరుగు బస్సులో ఆలోచించాను. నాకు షుగరు కాబట్టి రాత్రిపూట చపాతీలు. పొద్దున తప్పకుండా పచ్చడి ఉండాలి. కాబట్టి రుబ్బడమూ ఉంది, పిసకడమూ ఉంది. రెండూ నా కోసమే. బస్సు మిర్యాలగూడ చేరేసరికి ఫుడ్ ప్రాసెసరే ఖాయం చేశాను. దానికి రుబ్బే జార్లూ ఉన్నాయి, పిండి కలిపే గిన్నే ఉంది. దుకాణంలో అతను మూత పెట్టి బలంగా తిప్పితే టక్కున పడింది. మూత సరిగా పడకపోతే మోటారే తిరగదట. ఆహా, మన మిల్లులో కూడా ఇంత జాగ్రత్త లేదు కదా అని మురిసిపోయాను.

ఇంటికి తెచ్చి గంటసేపు కూర్చొని బిగించాను. ఒక్క మర మిగల్లేదు. గర్వంగా పక్కకి జరిగి, "కానియ్యి" అన్నాను.

ఆమె గోధుమపిండి పోసి, మూత పెట్టి ఎడమ చేత్తో తిప్పింది. కదల్లేదు. కుడి చెయ్యి ఆనించి కొంచెం బలం పెట్టింది. "అమ్మా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. పట్టీ మీద నుంచి మణికట్టు పట్టుకొని గోడకానుకొని నిలబడింది.

నా తెలివి తగలబడ! మోటారు బలం కనుక్కోవడానికి రెండు ఊళ్లు తిరిగాను. ఆ మూత తిప్పాల్సిన చేతి గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. డాక్టరమ్మ మెలితిప్పొద్దన్న మాట పక్కనే కూర్చొని విన్నానే! ఏడుపొచ్చినంత పనైంది. "వాపస్ ఇచ్చొస్తా, తియ్యి" అన్నాను.

ఆమె నా మొహం చూసి, నొప్పిలోనే నవ్వింది. "వాపస్ ఎందుకు? మీరున్నరు గదా. తిప్పుండ్రి."

అలా నాకు రిటైరయ్యాక మళ్లీ ఉద్యోగం దొరికింది. పొద్దున అల్లం వెల్లుల్లికి ఒక పిలుపు, పచ్చడికి ఒకటి, పచ్చడి బరకగా ఉందో లేదో చూడ్డానికి ఇంకొకటి. సాయంత్రం పిండికి పిలుపు. ఒక్కో పిలుపుకి రెండుసార్లు తిప్పాలి, తియ్యడానికోసారి, పెట్టడానికోసారి. పేపరు సగం చదివేసరికి "ఓ, ఇనవడ్తుందా!" అని కేక. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత తర్వాత పేపరు మడిచి వంటగదిలోనే ముక్కాలిపీట వేసుకున్నాను. పచ్చడిలో చింతపండు ముందు వెయ్యాలా వెనక వెయ్యాలా అని ఆమెతో వాదించేదాకా వచ్చాను. "ఇగ మీరే వండుండ్రి" అనేది. దుకాణంలో అతను ఇప్పుడడిగితే జవాబు గడగడా చెప్పేవాణ్ణి.

ఆరు వారాలకి పట్టీ తీశారు. డాక్టరమ్మ ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి, ఆపరేషన్ అక్కర్లేదు, చెయ్యి బాగైపోయిందని చెప్పింది. ఇంటికొచ్చాక పీట తీసి పెరట్లో పెట్టేశాను. ఎందుకో తెలియదు కానీ ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున మంచినీళ్ల కోసం వంటగది వైపు పోయాను. ఆమె వెనక్కి తిరిగి ఉంది, నన్ను చూడలేదు. కుడి చేత్తో మూత పట్టుకొని ఒక్క తిప్పుతో తీసింది. పచ్చడి వేలితో తీసుకొని రుచి చూసింది. మళ్లీ మూత పెట్టి టక్కుమనేలా గట్టిగా బిగించింది. తర్వాత వరండా వైపు గొంతెత్తి,

"ఓ, ఇనవడ్తుందా! జర ఈ మూత తియ్యుండ్రి, నాతోని అయితలేదు!"

నేను చప్పుడు కాకుండా వరండా దాకా వెనక్కి నడిచాను. చెప్పులు టపటపలాడిస్తూ, "ఆ, వస్తున్న!" అంటూ లోపలికి పోయి మూత మీద రెండు చేతులూ వేశాను.

"అబ్బో, ఇయ్యాల మస్తు గట్టిగ పట్టిందే" అన్నాను.