ఎడమచేతి చుట్టు

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. అలాంటివి ఏనాడూ నమ్మలేదు. మొన్న మా అమ్మాయి టీవీలో ఒక సినిమా పెట్టింది. చనిపోయిన అమ్మాయికీ బతికున్న అబ్బాయికీ ప్రేమ. ఇంట్లో అందరూ నవ్వుతూ చూశారు. నేను కూర్చోలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

కడియం దగ్గర మాకు చిన్న నర్సరీ ఉంది. మామిడి అంట్లు కట్టే పని నా తమ్ముడు సూరిబాబుది, వాడి భార్య మంగది. వాడు మొక్కను కోసి, కొమ్మ దూర్చి పక్కకి చాపేవాడు. ఆమె ప్లాస్టిక్ పట్టీ చుట్టి ముడి వేసేది. మంగది ఎడమచేతి వాటం. ఆమె చుట్టు అందరికీ ఎదురు దిక్కులో తిరిగేది.

రెండేళ్ల క్రితం మంగ జ్వరంతో పోయింది. కర్మలయ్యాక తమ్ముడు మళ్లీ పనిలో కూర్చున్నాడు. సాయానికి ఎవరినీ రానివ్వలేదు. అయినా సాయంత్రానికి అంట్లన్నీ కట్టి ఉండేవి, ఎదురు చుట్టుతో.

"ఇద్దరి పనీ ఆయనే చేసేస్తున్నారండి, ఇంక మమ్మల్ని మానిపించేస్తారేమో" అని కూలి ఆడవాళ్లు మొదట్లో నవ్వేవారు. తర్వాత అటువైపు వెళ్లడమే మానేశారు.

ఒక మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వెళ్లాను. తమ్ముడి ఒక చేతిలో మొక్క, ఇంకో చేతిలో కత్తి. మొక్కను పక్కకి చాపాడు. అక్కడ ఎవరూ లేరు. గాలి కూడా లేదు. పట్టీ దానంతట అదే కొమ్మ చుట్టూ తిరిగి బిగిసింది.

"ఏంటా కంగారు, మెల్లగా కట్టు" అని పక్కకి చూసి నవ్వాడు. తర్వాత నన్ను చూశాడు. "చూశావుగా అన్నయ్యా!"

ఆ వారంలోనే మంగ వాళ్ల నాన్నగారు వచ్చారు.

"ఏంటి బాబూ ఇది? పోయిన పిల్లతో పని చేయిస్తున్నావంట?"

"నాకు పిచ్చి లేదు మావయ్యా. అన్నయ్య కూడా చూశాడు, అడగండి."

పనివాళ్లంతా వింటున్నారు. అవునంటే మర్నాడు ఒక్కరూ పనిలోకి రారు.

"నేనేం చూడలేదండి" అన్నాను.

తమ్ముడు చేతిలో కత్తి కింద పెట్టేశాడు. వాళ్ల మావగారూ నేనూ వాణ్ని రాజమండ్రి తీసుకెళ్లి పిచ్చాసుపత్రిలో చేర్పించాం. తిరిగొచ్చాక ఒక్క అంటూ కట్టి కనిపించలేదు.

నా తమ్ముడికి పిచ్చి లేదు. నేను కళ్లారా చూశాను. ఆ పట్టీ ఎలా తిరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఈ మాట ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. "తమ్ముడి మీద జాలితో అంటున్నారులెండి" అంటున్నారు.

వాడు ఇప్పటికీ కొమ్మ దూర్చి, పక్కకి చాపి కూర్చుంటాడు. కోసిన చోటు చేతిలోనే ఎండిపోతుంది. ఉండబట్టలేక నిన్న పక్కన కూర్చుని పట్టీ అందుకున్నాను. వాడు మొక్కను వెనక్కి లాక్కున్నాడు.

"నీది కుడిచెయ్యి అన్నయ్యా" అన్నాడు.